కిందనుంచి చదివే మనిషి

పోయిన నెలలో మా బ్యాంకుకి ఒక అమ్మాయి విద్యారుణం ఫారం పట్టుకొచ్చింది. ఎం.సి.ఏ.లో సీటొచ్చిందట. తండ్రి నిడదవోలు స్టేషన్ దగ్గర టిఫిన్ బండి నడుపుతాడు. ఆ బ్రాంచికి నేను మేనేజర్ని. ఫారం చేతిలోకి తీసుకుంటూనే, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ, ఊళ్లో మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను. ఆ పిల్ల ఫారం నా చేతిలోంచి మర్యాదగా వెనక్కి తీసుకుని, తిరగేసి, అట్టడుగు వరస మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి పైకి చదువుకుంటూ వచ్చింది. నాలుగో వరస దగ్గర వేలు ఆగింది. నాకు కావలసిన మొత్తం దాకా హామీ అక్కర్లేదని ఇక్కడుందండి అంది.

ఫారాన్ని అలా చదివే మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. నీకెవరు నేర్పారమ్మా అంటే, కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపు మేడమ్ గారని చెప్పింది. ఆవిడకెవరు నేర్పారంటే, వాళ్ల నాన్నగారట. రాజమండ్రి కాలేజీలో గుమస్తాగా చేసేవారట. ఆయన బాగున్నారా అన్నాను. 

"ఆయన పోయి రెండేళ్లయిందండి," అంది ఆ పిల్ల, ఫారం మళ్లీ నా ముందు పెడుతూ.

రెండేళ్లు. మా బ్రాంచి నుంచి ఆయన ఇంటికి నడిచి వెళ్తే పది నిమిషాలు. నేను మేనేజరుగా ఈ ఊరికి వచ్చి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఆ వీధి మీదుగా పోవలసి వచ్చినప్పుడల్లా చుట్టు తిరిగి వెళ్లాను. ఎక్కడ ఎదురుపడతారో, ఏమంటారో అని. లేని మనిషికి మొహం చాటేసి తిరిగానన్నమాట.

రాజమండ్రిలో నేను డిగ్రీ చదివిన కాలేజీ ఆఫీసుకి అయిదు కిటికీలుండేవి. మొదటిది ఫీజులకి, రెండోది సర్టిఫికెట్లకి, మూడోది స్కాలర్‌షిప్పులకి. మిగతా రెండూ ఎందుకో మాకెప్పుడూ తెలియలేదు. అవి తెరవగా చూసినవాళ్లు లేరు. మూడో కిటికీ వెనక ఆయన కూర్చునేవారు. పొడుగు చేతుల తెల్లచొక్కా, ఆ చేతులు సరిగ్గా రెండు మడతలు, బుగ్గలో లవంగం. పంటి నొప్పికని ఎప్పుడో మొదలుపెట్టి ఉంటారు, నొప్పి పోయినా లవంగం పోలేదు. కోపమొస్తే అది ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మారేది. అంతకు మించి ఆ మొహంలో ఏదీ కదిలేది కాదు. కిటికీ ముందు వరసలో నిలబడ్డ మేం లవంగం ఏ బుగ్గలో ఉందో చూసుకుని, ఈ రోజు అడగాలా, రేపు రావాలా అని తేల్చుకునేవాళ్లం.

ఏ కాగితం ఇచ్చినా ముందు తిరగేసేవారు. కింద ఉన్న నియమాలు, జతపరచవలసిన పత్రాలు, ఆఖరు తేదీ, సంతకం, స్థలం, ఇవన్నీ చూసుకుంటూ పైకి పాకేవారు. మన పేరు దాకా వచ్చేసరికి మన జాతకం అంతా ఆయనకి తెలిసిపోయేది. మొదట్లో ఇదేం పిచ్చి అనుకున్నాను. ఒకసారి ఆయనే చెప్పారు. "పైన ఇస్తామని రాస్తారండి. ఎందుకివ్వరో కింద రాస్తారు. మీకు కావాల్సింది కిందది."

అలా చదవడం వల్లే కాబోలు, ఆయనకి మేమెవరం పేర్లతో గుర్తుండేవాళ్లం కాదు. ఫారం అడుగున ఎడమ పక్క ఉండే స్థలంతో గుర్తుండేవాళ్లం. రండి రావులపాలెంగారూ, ఏమండీ కడియంగారూ, ఫోటో మీద సంతకం మీ తాతగారు పెడతారా ద్రాక్షారామంగారూ. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని గారూ అంటుంటే మొదటి వారం పొంగిపోయేవాళ్లం. రెండో వారానికి అది వెటకారమని తెలిసేది. నేను మండపేటగారిని. మా ఊరు నిజానికి మండపేటకి మూడు మైళ్లు లోపలికి, కానీ ఫారంలో మండపేట అని రాసుకున్నాను. పెద్ద ఊరు పేరు రాస్తే గౌరవంగా ఉంటుందని. ఆ జబ్బు మా ఇంట్లో నాతో మొదలైంది కాదు.

ఆయన మంచివాడని నేను చెప్పబోవడం లేదు. నోరు చేదు. ఒకమ్మాయి కులధ్రువీకరణ పత్రం మీద కాఫీ మరక పడిందని, ఆ మరకకి కూడా గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించుకు రమ్మంటే ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కడియం కుర్రాడు జ్వరంతో పడి ఆఖరు తేదీ మర్నాడొస్తే, ఫారం ముట్టుకోను కూడా లేదు. "ఆఖరు తేదీ నిన్నండి," అన్నారు. వాడు గంట నిలబడ్డాడు. ఈయన ఆ గంటా వాడి ముందే వేరేవాళ్ల కాగితాలు చూశారు. వాడు చదువు మానేసి మామయ్య నర్సరీలో చేరాడు. ఇప్పుడు వాడి మొక్కలు లారీల్లో వెళ్తున్నాయి, నాకంటే బాగా ఉన్నాడు. అయినా ఆ రోజు వాడి మొహం నాకు గుర్తే. స్టేప్లర్ అంటే ఈయనకి పడదు. గుండుసూదులే. పనికిరాకుండా పోయిన ఫారాల నుంచి సూదులు తీసి ఒక ఖాళీ నస్యం డబ్బాలో దాచేవారు. కడియం వాడి ఫారం సూదులు కూడా అందులో పడ్డాయని మేం చెప్పుకునేవాళ్లం.

నాకు విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటొచ్చిన ఏడాది, వాళ్లు పంపిన సీటు కార్డు చూపించుకుందామని మూడో కిటికీకి వెళ్లాను. శభాష్ అంటారనుకున్నాను. ఆయన కార్డు తిరగేసి, వెనక ఏమీ లేకపోవడంతో నిరుత్సాహపడి, సీటు సరేనండి, రెండేళ్లు తినేదెక్కడ అన్నారు.  చేతులు మడుచుకుని నిలబడ్డాను. అప్పుడు, నా జీవితంలో మొదటిసారి, ఒక మనిషి నాకు పై చదువుకి డబ్బు ఎలా వస్తుందో విడమరిచి చెప్పాడు. చదువు గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. దానికయ్యే ఖర్చు గురించి అందరూ మొహమాటపడేవారు.

నాలుగు దారులున్నాయన్నారు. మొదటిది సర్కారు దారి. తండ్రి ఆదాయం ఇంత లోపు ఉంటే వస్తుంది, కానీ సంవత్సరం చివర్లో వస్తుంది, కనక వచ్చేదాకా హాస్టల్ మెస్సువాళ్లు ఆగేట్టు ముందే ఉత్తరం రాయించుకోవాలి. రెండోది యూనివర్సిటీ దారి. అది మార్కులకి. మొదటిది తీసుకుంటే ఒక్కోసారి రెండోది వదులుకున్నట్టు రాసివ్వమంటారు, ఏది పెద్దదో చూసుకోకుండా సంతకం పెట్టకూడదు. పరిశోధనకి వెళ్తే పరీక్ష రాసి ఫెలోషిప్పు తెచ్చుకోవచ్చు, కానీ అది ఎమ్మెస్సీ అయ్యాక మాట. మూడోది దాతల దారి. మిల్లు యజమానుల ట్రస్టులు, కులసంఘాల హాస్టళ్లు. నాలుగోది అప్పు దారి. ఆ రోజుల్లో అది పేరుకే ఉండేది. బ్యాంకులో చదువుకి అప్పు అడిగితే నవ్వేవారు.

నేను వెంటనే మూడో దారి పట్టుకున్నాను. మండపేటలో ఒక పెద్ద మిల్లు యజమానికి మా నాన్న తెలుసు. ఆయన చేత ఒక చీటీ రాయిస్తే పని సులువవుతుందేమో అన్నాను. లవంగం బుగ్గ మారింది.

"ఆ ట్రస్టుకి ఫారం ఉందా అండి? ఉంటే పెట్టండి. ఫారం లేని దాత దగ్గరికి వెళ్లకండి. రెండేళ్లూ కాదు, బతికున్నన్నాళ్లూ ఆయన గుమ్మంలో నిలబడాలి. ఫారం మీద వచ్చింది మీ హక్కు. చీటీ మీద వచ్చింది ముష్టి."

ఆ మాట నాకు అర్థం కాలేదు. మా వైపు ఏ పనైనా ఒకరి మాట మీదే అవుతుంది. ఆసుపత్రిలో మంచానికి, బడిలో సీటుకి, బ్యాంకులో పాసుపుస్తకానికి కూడా ఎవరో ఒక పెద్దాయన ఒక మాట చెప్పాలి. దాన్ని మేం తప్పనుకోం, పరపతి అనుకుంటాం. అయినా ఆయన అన్నారు కదా అని సర్కారు దారికే కాగితాలు సిద్ధం చేసుకున్నాను. అక్కడే మా నాన్న నా చదువుకి గొయ్యి తవ్వాడు.

మా నాన్నకి సొంత భూమి లేదు. నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. డిగ్రీ మూడేళ్లూ ఊరి లెక్కలు రాసే పాత వీఏఓ ఇచ్చిన ఆదాయం కాగితం మీద గడిచిపోయింది. ఆయన బదిలీ అయ్యి కొత్తాయన వచ్చాడు. ఈ కొత్తాయన ఇంటికొచ్చి అడిగినా బాగుండేది. పొద్దున్నే రైసుమిల్లు అరుగు మీద, పదిమంది రైతులు కూర్చున్న చోట, మీకెంత పండుతుందండి అని మా నాన్నని అడిగాడు. ఆ అరుగు మీద నిజం చెప్పిన మగాడు మా ఊళ్లో పుట్టలేదు. ముప్పై పండినవాడు నలభై అంటాడు, నలభై పండినవాడు యాభై అంటాడు, విన్నవాళ్లందరూ పది తగ్గించుకుని వింటారు. ఎవరికీ నష్టం లేదు. మా నాన్న కూడా ఆయ్, ఎకరానికి నలభై ఐదు బస్తాలకి తగ్గలేదండి అన్నాడు. కౌలుకి పోయేదెంతో, అది పోగా మిగిలేదెంతో చెప్పలేదు. చెబితే ఆ అరుగు మీద కూర్చోలేడు. పాపం కొత్తాయనది వేరే వైపు. పది తగ్గించుకోవాలని తెలియదు. చెప్పింది చెప్పినట్టు రాసేశాడు.

ఆ కాగితం మూడో కిటికీలో పెట్టాను. ఆఖరు తేదీకి ఇంకా నాలుగు రోజులుంది. ఆయన అడుగు నుంచి పైకి వచ్చారు. ముద్ర, సంతకం, తేదీ. ఆదాయం దగ్గర ఆగారు. మీ నాన్నగారికి ఎన్నెకరాలండి అని అడిగారు. చెప్పాను. ఈ కాగితం ప్రకారం మీరు మిల్లు కొనుక్కోవచ్చు మండపేటగారూ, రేపు ఆయన్ని తీసుకురండి అన్నారు.

మా నాన్న వచ్చాడు. ఇస్త్రీ పంచె కట్టుకుని, గుమస్తాగారికని తాపేశ్వరం కాజాల పొట్లం పట్టుకుని వచ్చాడు. ఆయన పొట్లం వైపు చూడలేదు. కూర్చోమని కూడా అనలేదు, కిటికీ అవతల కుర్చీ లేదు మరి. మా వెనక ఇరవై మంది పిల్లలు వరసలో ఉన్నారు. కౌలు పోగా ఇంటికెన్ని బస్తాలు తెచ్చుకుంటారండి అని అడిగారు. మా నాన్న నవ్వి, ఏదో తిండిగింజలకి లోటు లేదండి అన్నాడు. మళ్లీ అడిగారు. మా నాన్న వెనక్కి తిరిగి వరస వైపు చూసి, అంతా దైవానుగ్రహమండి అన్నాడు. మూడోసారి కూడా అదే గొంతుతో, పెంచకుండా తగ్గించకుండా అదే ప్రశ్న. మా నాన్న తల దించుకుని అంకె చెప్పాడు. అది ఎంత చిన్న అంకె అంటే, అప్పటిదాకా అది నాకే తెలియదు. కొడుకునైన నేనే అరుగు మీద చెప్పినదాన్నే నమ్ముతూ పెరిగాను.

ఆయన అఫిడవిట్ రాసి, సంతకం చేయించారు. కాగితం కిటికీలోంచి జరుపుతూ అన్నారు, "ఇది రాయడానికి మీరు సిగ్గుపడితే, రేపు మిల్లులో బస్తాలు మొయ్యడానికి మీ అబ్బాయి సిగ్గుపడకూడదండి."

వెనకెవరో నవ్వారు. కాజాల పొట్లం ఆఫీసు అటెండరు తీసుకెళ్లి అందరికీ పంచాడు, ఆయన తప్ప. మేం బస్సెక్కాం. మా నాన్న ద్వారపూడి దాటాక, ఆ గుమస్తా మొహం ఇంక చూడను అన్నాడు, నాతో కాదు, కిటికీతో. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగి, సరైన కాగితం తెచ్చి ఆఖరు తేదీ మధ్యాహ్నం ఇచ్చాను. ఆయన కిందనుంచి పైదాకా చదివి, బతికిపోయారు మండపేటగారూ అన్నారు. ధన్యవాదాలు చెప్పబోతే, తర్వాతివాళ్లు రండి అని కేక వేశారు.

స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆయన చెప్పినట్టే సంవత్సరం చివర్లో వచ్చింది. ఆయన రాయించిన ఉత్తరం వల్ల మెస్సువాళ్లు అప్పటిదాకా నన్ను గెంటలేదు. నేను ఎమ్మెస్సీ చదివాను, ఆ పట్టాతో బ్యాంకు పరీక్ష రాశాను, ఆఫీసరునయ్యాను. మా నాన్న ఆ తర్వాత మిల్లు అరుగు మీద దిగుబడి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఆ ఒక్క కారణానికి నేను గుమస్తాగారిని చాలాకాలం క్షమించలేదు. మా నాన్న పరువు తీసిన మనిషి నా చదువు నిలబెట్టాడన్నది మింగుడు పడే విషయం కాదు. కృతజ్ఞత అనేది ఇష్టమైనవాళ్ల మీదే తేలిగ్గా కలుగుతుంది.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. నేను నిడదవోలు బ్రాంచిలో లోన్లు చూసే ఆఫీసరుని. అప్పటికి నాలుగో దారి నిజంగానే తెరుచుకుంది. ప్రభుత్వం పథకం పెట్టింది, ఒక మొత్తం దాకా హామీ, తనఖా ఏమీ అడగకుండా చదువుకి అప్పివ్వాలని మాకు సర్క్యులర్ వచ్చింది. అది నా సొరుగులోనే ఉంది. కానీ మా మేనేజరుకి ఒక పద్ధతి ఉండేది. అది కాగితం మీద ఎక్కడా ఉండదు. భూమి లేనివాళ్లు చదువు అప్పుకొస్తే, మన దగ్గర పెద్ద డిపాజిట్లున్న మిల్లు ఆసామో చేపల చెరువుల ఆసామో ఫోను చేసి ఒక మాట చెప్పాలి. చెబితే ఫారం పైకి వెళ్తుంది, చెప్పకపోతే నా సొరుగులో ఉంటుంది. ఎందుకు ఇవ్వలేదని ఎవరూ రాతపూర్వకంగా అడగరు. మేమూ రాయం.

ఒక సోమవారం మూడో కిటికీ ఆయన వచ్చారు. రిటైరయ్యారట. సొంతూరు నిడదవోలే, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రోజూ ప్యాసింజర్లో రాజమండ్రి వచ్చి వెళ్లేవారని నాకు అప్పుడే తెలిసింది. అదే తెల్లచొక్కా, అవే రెండు మడతలు. నేను లేచి రండి గురువుగారూ అని పిలిచినా రాలేదు. వరసలోనే నిలబడి, తన వంతు వచ్చాకే నా బల్ల దగ్గరికొచ్చారు. బాగున్నారా మండపేటగారూ అన్నారు. నాకు సంతోషం వేసింది. బ్యాంకులో నా కుర్చీ, నా పేరు బోర్డు ఆయన చూస్తున్నారన్న సంతోషం అది, నిజం చెప్పాలంటే.

ఒక్కతే కూతురట. తల్లి లేదు. ఎం.సి.ఏ.లో మంచి యూనివర్సిటీలో సీటొచ్చింది. మూడు వారాల్లో ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. కూర్చుని, నాకు ఆ రోజు చెప్పినట్టే, నాలుగు దారులూ చెప్పారు, ఒక్కొక్కటి మూసుకుంటూ. సర్కారు దారికి ఆయన పింఛను పరిమితి కంటే కాస్త ఎక్కువ. కావాలంటే తగ్గించి రాయించుకోవచ్చని ఎవరో చెప్పారట, ఆ మాట చెబుతూ లవంగం బుగ్గ మార్చారు. మార్కులకిచ్చే స్కాలర్‌షిప్పులు అయిపోయాయి. ఫెలోషిప్పు ఈ చదువుకి రాదు. ట్రస్టులు మూడింటికి ఫారాలున్నాయి, మూడూ పెట్టారు, జవాబు లేదు.

"ఇంక మిగిలింది మీ దారేనండి," అని నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడే.

ఫారంలో తప్పు లేదు. గుండుసూదులు వరసగా, పత్రాల మీద మూలన చిన్న అంకెలు, ఆఖరు తేదీ చుట్టూ ఎర్ర సున్నా. అంత సక్రమంగా ఉన్న దరఖాస్తు ఆ బల్ల మీదికి ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. చూస్తానండి గురువుగారూ అన్నాను. చూడలేదు. సొరుగులో పెట్టాను. ఆ ఏడాదే నా ప్రమోషను. నా గురించి రిపోర్టు రాయవలసింది ఆ మేనేజరే. ఆయన పద్ధతి కాదని ఒక ఫారం పైకి పెడితే ఏమవుతుందో నాకు తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో. కనుక్కునే ధైర్యం చెయ్యలేదు.

వారం తర్వాత మళ్లీ వచ్చారు, వరసలోనే. మేనేజరుగారు సెలవులో ఉన్నారని చెప్పాను. మేనేజరుగారు అద్దాల గదిలో కూర్చుని ఉన్నారు. గురువుగారు అటు చూసి, నా వైపు చూసి, అలాగేనండి అని వెళ్లిపోయారు.

మూడోసారి వచ్చేసరికి గడువు అయిదు రోజులే ఉంది. ఇంక దాటవేయలేకపోయాను. కొంచెం ముందుకి వంగి, ఏదో మేలు చేస్తున్నవాడిలా గొంతు తగ్గించి చెప్పాను. "ఎవరైనా పెద్దాయన చేత మేనేజరుగారికి ఒక మాట చెప్పించండి గురువుగారూ. చిన్న చీటీ అయినా చాలు. ఇట్టే అయిపోతుంది."

అనేసరికే నాకు వినిపించింది. ఎవరితో అన్నానో, ఏ మాట అన్నానో. కానీ నోట్లోంచి వచ్చేసింది. ఆయన ఫారం అడిగి తీసుకున్నారు. తిరగేసి, కింద నియమం మీద వేలు పెట్టి నా వైపు తిప్పారు.

"హామీ అక్కర్లేదని రాసుందండి ఇక్కడ."

"రాసుందండి. కానీ ఇక్కడ పద్ధతి..."

"పద్ధతి," అన్నారు ఆయన. ప్రశ్నలా కాదు. ఏదో ఖాళీలో ఆ మాట నింపుకున్నట్టు.

తర్వాత ఆయన కోప్పడితే బాగుండేది. మా నాన్నని అన్నట్టు నన్ను పదిమందిలో ఒక మాట అంటే, నాకూ ద్వేషించడానికి ఒక కారణం దొరికేది. ఆయన ఒక్కొక్క గుండుసూదీ తీసి, చొక్కా జేబులోంచి ఆ పాత నస్యం డబ్బా తీసి అందులో వేశారు. పత్రాలన్నీ అంకెల వరసలో సంచిలో పెట్టుకున్నారు. నా బల్ల మీద ఒక్క కాగితం కూడా మిగల్లేదు. లేచి నిలబడ్డారు.

"వస్తానండి సార్," అన్నారు.

అన్నేళ్లలో ఆయన నన్ను ఎన్ని వెటకారాలు చేసినా ఏదీ నాకు తగల్లేదు. ఆ సార్ తగిలింది. అందులో వెటకారం లేదు. కౌంటర్లో కూర్చున్న ఎవరినైనా అందరూ అనే మాటే. మండపేట పోయింది నా మీంచి. ఆయన గుమ్మం దాటుతుంటే నాకు కలిగింది బాధ కాదు, హమ్మయ్య అనిపించింది. అదీ చెప్పేస్తున్నాను. సాయంత్రానికి గాని సిగ్గు రాలేదు.

ఆ ఏడాది నాకు ప్రమోషను వచ్చింది, బదిలీ వచ్చింది. ఆ అమ్మాయి సీటు వదులుకుందని మా క్యాషియరు చెబితే తెలిసింది. కడియం కుర్రాడి విషయంలో ఆయనా రూలు చూపించి చేతులు దులుపుకోలేదా అని చాలాసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు ఎప్పుడూ పూర్తిగా అతకలేదు. ఆయన రూలు ప్రకారం లేదన్నారు. నేను రూలు ప్రకారం ఇవ్వవలసినదాన్ని ఇవ్వలేదు.

టిఫిన్ బండి అమ్మాయి లోను వారంలో మంజూరు చేశాను. అందులో గొప్పేమీ లేదు. ఆ పిల్ల వేలు పెట్టి చూపించకపోతే ఏం చేసేవాడినో నాకు తెలుసు. ఆ శనివారం మధ్యాహ్నం జిరాక్సు షాపుకి వెళ్లాను. ఈ మాటలన్నీ చెప్పేద్దామనే వెళ్లాను. దారిలో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. ఆ రోజు సొరుగులోంచి మీ ఫారం తీసి పైకి పెట్టనివాణ్ణి నేనేనమ్మా అని మొదలుపెడదామని.

షాపు చిన్నది. ఒక మెషీను, ఒక బల్ల. గోడకి అట్టముక్కల మీద స్కాలర్‌షిప్పులు, లోన్లు, వాటి ఆఖరు తేదీలు, చుట్టూ ఎర్ర సున్నాలు. ఆవిడకి ముప్పై దగ్గర పడి ఉంటాయి. చుడీదారు చేతులు రెండు మడతలు. నేను ఎవరినో చెప్పుకోబోతే, మీరు తెలుసండి అంది. స్టూలు తుడిచి వేసింది. టీ తెప్పించింది.

"మీరు మేనేజరుగా వచ్చారని తెలిసాకే పిల్లల్ని ధైర్యంగా ఆ బ్రాంచికి పంపుతున్నానండి. నాన్నగారు ఎప్పుడూ చెప్పేవారు. బ్యాంకులో మా మండపేట కుర్రాడున్నాడు, చీటీ అడగడు అని."

నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"నా సీటప్పుడు కూడా మీరు చాలా తిరిగారటగా అండి. మేనేజరుతో గొడవ పడ్డారట. మీ చేతిలో ఉంటే ఆ రోజే ఇచ్చేసేవారని, పైవాళ్లే కుదరదన్నారని నాన్నగారు చెప్పారు. ఆయన ఎవరి గురించీ అలా చెప్పే మనిషి కాదండి."

కాదు. మా నాన్న కోసం ఒక్క బస్తా అటూ ఇటూ చెయ్యని మనిషి ఆయన. సొంత కూతురి సీటు పోతున్నా పింఛను ఒక్క రూపాయి తగ్గించి రాయని మనిషి. అలాంటిది నా కోసం ఇంత అబద్ధం రాసి, దాని కింద సంతకం పెట్టి పోయారు. బహుశా కూతురికి లోకం మీద నమ్మకం పోకూడదని అనుకుని ఉంటారు. నా మీద దయతో అయి ఉండదు. నా మీద దయ చూపడానికి నేనేం చేశానని.

కూర్చుకుని వచ్చిన వాక్యాలు నోటి దాకా వచ్చాయి. ఆవిడ నా వైపు చూస్తోంది. వెనక ఇద్దరు పిల్లలు ఫారాలు పట్టుకుని, బ్యాంకు మేనేజరుగారు ఏం చెబుతారా అని నిలబడి ఉన్నారు. మిల్లు అరుగు మీద మా నాన్న ఎలా కూర్చునేవాడో అలా కూర్చున్నాను.

"అవునమ్మా," అన్నాను. "చాలా ప్రయత్నించాను."